కంటకకోనలో మొదటి పండు

ముళ్ళు కదిలాయి.

గాలి లేదు, గాలిలో సడి లేదు, ఆకు ఆకును తాకలేదు. అయినా ముళ్ళు కదిలాయి. కంటకకోన చుట్టూ కోటగోడలా పెరిగిన ఆ కంచె, నిద్రలో ఒత్తిగిలే ఏనుగులా, కుడినుంచి ఒకమారు, ఎడమనుంచి ఒకమారు లోపలికి ఒరిగింది. నడుమనున్న బాట నాగుపాము నడుములా సన్నగిల్లింది. ఆ బాటలో ముందు మోదుగి, ఆమె వెనుక రణధవళుడు ఊపిరి బిగబట్టి నిలిచారు.

మకరందగిరి రాజకుమారుడైన రణధవళుణ్ణి ఆ క్షణాన కన్నతల్లి చూసినా గుర్తించి ఉండదు. కిరీటం ఉండవలసిన తలపై మైనం అంటిన పాతగుడ్డ. హారాలు వేలాడవలసిన మెడలో నారతో పేనిన తాడుచుట్ట. చేతిలో తేనెపట్టుకు పొగవేసే వెదురుబొంగు. ఆ బొంగులో పొగ లేదు, పూర్వీకుల కత్తి ఉంది. తేనెకోన పడుచు మోదుగి అతనికి వేషం వేసింది, నడక మార్చింది, మాట నేర్పింది. నలుగురి ఎదుట అతడు ఆమెకు మేనబావ. ఎవరూ లేని చోట దొర.

"పరుగెత్తబోకు దొరా," అంది మోదుగి, పెదవి కదపకుండా. "పరుగెత్తేవాడు దొంగని కంచెకు తెలుసు. మేక నడిచినట్టు నడువు."

"మేక ఎలా నడుస్తుంది?"

"రేపు తననెవరో కోస్తారని తెలియనట్టు నడుస్తది."

అతడు నవ్వబోయాడు. నవ్వు పెదవి దాటకముందే వెనుక పొదలు పెళపెళలాడాయి. నల్లని అడవిపంది ఒకటి, ఏ పులి తరిమిందో, ఏ భయం తరిమిందో, తెల్లని కోరలు ముందుకు చాచి బాటలోకి దూసుకువచ్చింది. మోదుగి అతణ్ణి పక్కకు లాగింది. పంది వాళ్ళను దాటి నాలుగంగలు వేసిందో లేదో, రెండువైపుల కంచె రెండు దవడలై కలిసింది. ఒక్క అరుపు వినిపించింది. ఆ పైన అరుపు లేదు. ముళ్ళు తిరిగి విడిపోయినప్పుడు బాట మీద రెండు తెల్లని కోరలు మాత్రం మిగిలాయి.

రణధవళుడు ఆ కోరల వైపు వంగి చూశాడు. యుద్ధాలు చూసినవాడే, నెత్తురు చూసినవాడే. కానీ నెత్తురు కూడా మిగల్చని చావును చూడలేదు.

అంతలో కోన లోపలినుంచి చప్పట్ల శబ్దం వచ్చింది. పొడిబారిన అరచేతుల చప్పుడు. ఆ చప్పుడుకు కంచె తలవంచింది, బాట తెరుచుకుంది.

రణధవళుడికి ముని మాటలు మళ్ళీ చెవిలో మోగాయి. కొండగుహలో కొనఊపిరితో ఉన్న ఆ ముని తలను తన ఒడిలో పెట్టుకుని విన్న మాటలవి.

"నాయనా, నీ అక్క కువలయాదేవి బ్రతికే ఉంది. తనను పెళ్ళాడనన్నదని ధూమ్రజటి మాంత్రికుడు గత ఆషాఢంలో ఆమెను కంటకకోనలో ముళ్ళపొదగా మార్చాడు. మార్చే వేళ ఆమె వాడి చేయి పట్టి విడువలేదు. ఒక్క మంత్రం ఇద్దరినీ కాటువేసింది. ఇప్పుడు అక్కడ రెండు పొదలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి కలివి, ఒకటి వాక్కాయలు కాసే వాక. ఒకే కులంలో పుట్టిన చుట్టాలు. ఒకటి నీ అక్క, ఒకటి ఆ మాంత్రికుడు. ఏది ఎవరో నేనెరుగను. తొలికాపులో చివరి పండు రాలేలోగా పొద మీది పండు కోసి తింటే ఆ పొద మళ్ళీ మనిషి అవుతుంది. అక్క పండు తింటే అక్క వస్తుంది. వాడి పండు తింటే వాడు లేస్తాడు. పొద అయినా మనిషి గురుతు ఒకటి పోదు. జాతికి లేని గుణం ఏ పొదలో ఉందో వెతుకు. అక్కడొక కాపలా ముసలి ఉంది. కంచె ఆమె చప్పట్లకు లొంగుతుంది. ఆమె ఎదుట నీ మారువేషం చెదరనీయకు. ఇంకొక్క మాట... పండు తిన్నవారు..."

ఆ ఒక్క మాట ముని పెదవులమీదే చల్లబడిపోయింది.

కంచె దాటగానే కన్ను చెదిరే వాకిలి. ఎటు చూసినా పచ్చ. పచ్చ మీద ఎరుపు. ఎరుపు మీద నలుపు. పసుపు పూసిన గడపలా మెరిసే నేల. నేల నడుమ, నెమలికి నెమలి ఎదురు నిలిచినట్టు, రెండు పొదలు. వాటి వెనుక రెల్లుగడ్డి కప్పిన చిన్న గుడిసె, గుడిసె ముందు నెమరువేసే మేకలు. ఆ అందానికంతటికీ పైన, పడమటి కొండ భుజం మీద, ఆషాఢపు తొలిమేఘం కాటుక పూసుకుని కూర్చుంది. ఆ మేఘం దిగిందంటే వాన. వాన పడిందంటే పండు రాలుతుంది. పండు రాలిందంటే అక్క ఇక ఎన్నటికీ పొదే.

"ఎవర్రా అది? మనుషులా, మేకలా?" గుడిసెలోంచి ఒక ముసలి వచ్చింది. నడుము వంగింది గాని చూపు వంగలేదు. జుట్టు జిల్లేడుదూదిలా ఎగురుతోంది.

"మనుషులమే అవ్వా. ఆకలి మాత్రం మేకలదే," అంది మోదుగి.

"మాట బాగా నేర్చావే పిల్లా! నన్ను జిల్లేళ్ళవ్వ అంటారు. మీదే కోన?"

"తేనెకోన. ఈడు మా బావ."

జిల్లేళ్ళవ్వ రణధవళుడి చుట్టూ తిరిగింది. మెడ వాసన చూసింది, మైనం వాసన వచ్చింది. భుజం తట్టింది, గట్టిగానే ఉంది. కిందికి చూసి ఆగిపోయింది.

"మీ బావ పాదాలేంటే, వెన్నముద్దల్లా ఉన్నాయి?"

రణధవళుడు కాలివేళ్ళు ముడుచుకున్నాడు. మోదుగి మాత్రం పకపకా నవ్వింది.

"ఈడు నేలమీద కాలు పెడితేగా అవ్వా! పొద్దంతా చెట్టుమీదే. పెళ్ళి చూపులకు కూడా కొమ్మమీంచే చూశాడు."

"ఏం చూశాడంట?"

"నా నడినెత్తి. అందుకే ఇంకా ఒప్పుకోలేదు."

ముసలి బోసినోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వులోనే చూపు మాత్రం రాజకుమారుడి మీద మేకులా దిగబడి ఉంది.

"సరే, సరే. వాన దిగేలోగా తినిపోండి. ఆ వాకపొద చూడండి, పండు ఎట్టా మాగిందో! ఆ కలివి జోలికి పోకండి, కాకుల ఎంగిలి. ఒక్కటి మరవబోకండి. మన కోనల కట్టుబాటు తెలుసుగా?"

"తెలవకేం అవ్వా! మొదటి పండు తోడున్నోళ్ళ నోటికే," అంది మోదుగి.

"అదీ! కోసిన పండు తన నోట్లో తాను వేసుకునేవాడు ఊరోడు. ఊరోళ్ళు నాకు గిట్టరు." ముసలి కంచె వైపు చూసింది. కంచె ముసలి వైపు చూసినట్టే అనిపించింది. "ఊరోళ్ళు నా కంచెకు బాగా గిట్టుతారు."

ఆమె గుడిసె అరుగు మీద కూర్చుని మేకపిల్లను ఒడిలోకి లాక్కుంది. రణధవళుడూ మోదుగీ పొదల వద్దకు నడిచారు. మాట్లాడాలి, మాట్లాడుతున్నది ఏమిటో ముసలికి తెలియకూడదు. మోదుగి మరుక్షణమే నడుముమీద చేయి వేసి తగువు పెట్టుకుంది.

"బావా, వాక గొప్పదా, కలివి గొప్పదా?"

"రెండూ ఒకటే కదా మరదలా!"

"ఒకటేనంట! చూడవ్వా, తేనెకోన పరువు తీస్తున్నాడు!"

అరుగు మీదినుంచి కిచకిచమని నవ్వు వినిపించింది. ఆ తగువు చాటున వాళ్ళు వెతకసాగారు.

మొదట పువ్వు చూశారు. కాపు ముగిసే కాలం కనుక రెంటిమీదా చివరి పూలు ఒకటీ అరా మిగిలాయి. రెండూ మల్లెకు మేనకోడళ్ళలా తెల్లనివి. రెండూ కమ్మని తావి చల్లేవి. వాకపువ్వు రేకు అంచున లేతగులాబి రంగు ఒక్కింత సిగ్గుపడింది, అంతే. రణధవళుడు ఈ పొదలో ఒక ఆకు, ఆ పొదలో ఒక ఆకు తుంచాడు. రెండు తొడిమలనుంచీ పాలు కారాయి, తెల్లగా, చిక్కగా, ఒకే తల్లి పాలలా.

"చుట్టాలే," అని గొణిగాడు.

"చుట్టాలైతే మాత్రం? అక్కా చెల్లెళ్ళకు ఒకటే మొగుడా?" అంది మోదుగి పెద్దగా. గొంతు తగ్గించి, "ఆకు చూడు దొరా," అంది.

వాక ఆకు వెడల్పు. కొన గుండ్రన, నడుమ చిన్న నొక్కు. కలివి ఆకు చిన్నది. కొన మొనదేలి, ఎలుకచెవిలా నిక్కినది. వాకపండు రేగుపండంత, పచ్చగా పుట్టి, ఎర్రగా ఎదిగి, మాగేసరికి ముదురు ఊదా రంగు తేలేది. కలివిపండు శనగగింజ కన్నా ఒక్కింత పెద్దది, మాగితే కాటుకబొట్టు. వాక పుల్లన, పప్పులో పడితే పండగ. కలివి తియ్యన, పిల్లల నోట పడితే పెదవులన్నీ నలుపు. ఏ గుణానికాగుణం వాటి వాటి జాతికి చెల్లినదే. జాతికి చెల్లని గుణమేది?

మేఘం కొండ భుజంనుంచి కిందికి జారింది. నేలమీద నీడ పాకింది.

అప్పుడు రణధవళుడి కన్ను వాకముల్లు మీద పడింది. ఆ ముల్లు కొన రెండుగా చీలి ఉంది!

కువలయాదేవి కుడిచేతి బొటనవేలు పుట్టుకతోనే కొన రెండుగా చీలినది. ఆ చీలిన వేలితోనే ఆమె విల్లు వంచేది, వీణ మీటేది, అల్లరి చేసిన తమ్ముడి చెవి మెలిపెట్టేది. రాజకుమారుడు ఇక ఆగలేదు. చేయి చాచి వాకపండు పట్టుకున్నాడు.

చెళ్ళుమని ఆ చేతిమీద దెబ్బ పడింది.

"ఏంది బావా ఆ తొందర! పెళ్ళిలో కూడా ఇట్టాగే విస్తరి ముందు కూర్చుంటావా?" ముసలికి వినబడేలా తిట్టి, మోదుగి అతని భుజానికి తల ఆనించింది. "పక్క ముల్లు చూడు దొరా. దాని పక్కది చూడు. ఆ పైది చూడు."

చూశాడు. పక్కదీ చీలింది, దాని పక్కదీ చీలింది. పొద నిండా చీలిన ముళ్ళే.

"వాకకు ముల్లు చీలడం దాని జాతిగుణం. మీ అక్కకు ఉన్న వేళ్ళన్నీ చీలాయా ఏంది?"

పట్టిన పండును, నిద్రపోతున్న పాముమీదినుంచి చేయి తీసినట్టు, మెల్లగా విడిచాడు. అరుగు మీద ముసలి మెడ చాచి చూస్తోంది. ఆమె ఒడిలోని మేకపిల్ల ఊపిరాడక అరిచింది. అంత గట్టిగా నొక్కింది దాన్ని.

"ఎందుకబ్బాయా విడిచావు? తియ్యగా ఉంటది!"

"మాగనీ అవ్వా," అన్నాడు.

రణధవళుడు కలివిపొద చుట్టూ తిరిగాడు. దాని ముళ్ళు సూదుల్లా నిటారుగా, జంటజంటలుగా ఉన్నాయి. ఎక్కడా చీలిక లేదు. తూర్పున లేదు, దక్షిణాన లేదు. పడమట లేదు. ఉత్తరాన వంగి కొమ్మల లోనికి తొంగిచూశాడు. ఏదో చురుక్కున అతని ఎడమచెవిని పట్టుకుంది. పట్టుకుని మెలిపెట్టింది.

చెవి వదిలించుకుని చూశాడు. ఒక కొమ్మన ఒకే ఒక ముల్లు. దాని కొన రెండుగా చీలి ఉంది.

"అక్కా!"

మాట నోరు జారింది. అరుగు మీద ముసలి లేచి నిలిచింది.

"ఏమన్నావురా?"

"అక్కా చెల్లెలూ అనకుండా గీరుతున్నదంటున్నాడవ్వా, ఈ ముళ్ళకంప!" మోదుగి అడ్డుపడింది. ఆమె గొంతులో నవ్వుంది, కళ్ళలో నీళ్ళున్నాయి. "దొరికింది దొరా," అని గుసగుసలాడింది. "కొయ్యి. వాన వచ్చేస్తాంది."

అతడు చేయి పెట్టాడు. ఆ కొమ్మ విదిలించింది. ఆ చీలిన ముల్లు మణికట్టును గీరింది, అరచేతిని చీరింది, మళ్ళీ చెవిని పట్టబోయింది. ఇన్నాళ్ళకు వచ్చిన తమ్ముడి మీద అక్క అలకేమో అనుకున్నాడు. నెత్తుటి వేళ్ళతో ఒక్క కలివిపండు కోశాడు.

"వద్దురా! అది కాకుల ఎంగిలి!" ముసలి వంగిన నడుముతోనే పరుగున వచ్చింది. "వాక తినండి, వాక! అమృతంలా ఉంటది!"

రణధవళుడు వినలేదు. అక్క కోసం కొండలు దాటినవాడు తాను. పండు తినవలసినవాడూ తానే. పండు పెదవిదాకా లేచింది.

ముసలి ఆగిపోయింది. ఆమె కళ్ళు పిల్లికళ్ళలా మెరిశాయి. రెండు అరచేతులూ మెల్లగా పైకి లేచాయి. చుట్టూ కంచె ఒక్కసారి నిక్కపొడుచుకుంది.

"తన నోటికి తానే! ఊరోడివేనా నువ్వు?"

అరచేతికి అరచేతికి నడుమ వెంట్రుకవాసి ఎడం. ఆ ఎడంలోకి మోదుగి దూరింది. అతని మణికట్టు పట్టి తన వైపు తిప్పుకుంది.

"సిగ్గులేదా బావా, ఆకలికి కోన కట్టుబాటే మరిచిపోతావా? తోడును నేనిక్కడ నోరు తెరుచుకుని నిలబడితే!"

నిజంగానే నోరు తెరిచింది. గూటిలో పిచుకపిల్లలా, పండగనాడు పసిపిల్లలా నోరు తెరిచి నవ్వింది. రణధవళుడు ఆ కాటుకబొట్టును ఆమె నాలుక మీద పెట్టాడు.

"తీపి," అంది మోదుగి. "ఎంత తీపి, దొ..."

ఆ మాట పూర్తికాలేదు. ఆ తరువాత ఏ మాటా రాలేదు.

ఆమె పాదాల కింద నేల నోరు తెరిచింది. కాలివేళ్ళు వేళ్ళై దిగాయి. గాజుల చేతులు గలగలమంటూ పైకి లేచి కొమ్మలై ఆగాయి. విప్పారిన కురులు ఆకులై విడిపోయాయి. చెంపమీద జారుతున్న కన్నీటిబొట్టు ఆకుకొనన పాలచుక్కై నిలిచింది. చూస్తుండగా, చేయి పట్టుకుని ఉండగా, ఆ చేయి ముల్లై అతని అరచేతిలో దిగింది. మోదుగి నిలిచిన చోట ఒక లేత కలివిపొద నిలిచింది. దాని కొమ్మకు ఆమె ఎర్రపూసల దండ వేలాడుతోంది.

రణధవళుడు ఆ ముల్లును విడువలేదు. చేతిలో ఒక క్షణం క్రితం వెచ్చని మణికట్టు. ఇప్పుడు చల్లని ముల్లు. పొరపాటు ఎక్కడ? ఆకు చూశాడు, పువ్వు చూశాడు, ముల్లు చూశాడు. కలివిని వాకనుంచి వేరు చేశాడు. తప్పు పొదను ఎన్నుకోలేదే!

తప్పు పొదను ఎన్నుకోలేదని చెప్పడానికా అన్నట్టు, ఒక చేయి వెనుకనుంచి వచ్చి అతని ఎడమచెవిని పట్టుకుంది. చీలిన బొటనవేలు. మెలిపెట్టింది.

"ఎవరి నోట పెట్టావురా తమ్ముడూ?"

కువలయాదేవి! వంగిన ధనుస్సులాంటి కనుబొమలు, ముళ్ళు గీరిన చెంపలు, తలలో ఇంకా నాలుగు కలివాకులు. ఏడాది పాటు కదలని పెదవులు వణుకుతున్నాయి.

"అక్కా! నువ్వు... నీ ముల్లు నన్ను పిలిచింది కదా!"

"పిలవలేదురా పిచ్చివాడా! ఆపింది!" ఆమె ఏడుస్తూ అతని చెవి విడిచి, ఆ చెవినే నిమిరింది. "పొదలకు వినబడుతుంది, పలకడానికే నోరుండదు. ఈ ముసలి మేకలతో చెప్పుకునే మాటలన్నీ విన్నాను. పొద ఖాళీగా ఉండదురా. తిన్నవాళ్ళు వేరూనితేనే ఉన్నవాళ్ళు వేరు విడిచేది. ఏడాది గడిచేసరికి ఒక్కటే ముల్లు నా అదుపులో మిగిలింది. దానితో ఎన్నిసార్లు నీ చేయి గీరాను! ఎంత గీరినా కోశావు కదరా!"

పండు తిన్నవారు... ముని పెదవులమీద చల్లబడిన మాట ఇదా!

రణధవళుడు వెదురుబొంగు విరిచాడు. కత్తి మెరిసింది. ఒక్క గెంతులో ముసలి మెడమీద నిలిచింది.

ముసలి వణకలేదు. తాపీగా చప్పట్లు కొట్టింది. కంచె గోడలు విరిగిన కెరటాల్లా వాకిలి లోనికి విరుచుకుపడ్డాయి. మేకలు కకావికలయ్యాయి, గుడిసె కప్పు గాలిలోకి లేచింది, ముళ్ళకొసలు అక్కాతమ్ముళ్ళ వెన్నులదాకా వచ్చి ఆగాయి.

"నరుకు నాయనా," అంది. "నరికాక తెరవమని ఎవరి చేతుల్ని అడుగుతావో అడుగు. రాజకుమారుడివా? నీ వెన్నముద్దల పాదాలు చూసినప్పుడే అనుకున్నా. పోనీలే. నాకు పగ లేదు. నాకు కావలసింది ఒక్కటే." ఆమె వాకపొద వైపు తిరిగింది. ఆ గొంతు అనుకోనంత మెత్తబడింది. "ఆ ధూమ్రజటి నా కడుపున పుట్టినవాడు. వాడి ఒంటిమీది ముల్లు చీలిందా, చీలలేదా అని నేనెన్నడూ ఎంచలేదు. నా కంటికి వాడు వాడే. పొద్దున్నే నీళ్ళు పోస్తా, సాయంత్రం దిష్టి తీస్తా. మనిషికి మనిషిని మార్చకుండా పొదను విడిపించే మంత్రం వాడొక్కడికే తెలుసు. నీ పిల్ల కావాలా? ఒక్క వాకపండు తిను. నా కొడుకు లేస్తాడు. లేచి, మొదట నిన్ను విడిపిస్తాడు, ఆ పిల్లనూ విడిపిస్తాడు. తల్లి మాట."

"మంత్రముంది, అది నిజమే," అంది కువలయాదేవి. "వాడు చదువుతాడన్నది అబద్ధం."

టప్పుమని చినుకు పడింది. అరచేయంత చినుకు. దాని వెనుక ఇంకొకటి. వాకపొదనుంచి పండొకటి రాలి నేలమీద చితికింది. ముసలి నెత్తిన కొట్టుకుంది. లేత కలివిపొద కొమ్మన, ఆకు చాటున, ఒకే ఒక్క పండు కాసి ఉంది. పుట్టీ పుట్టగానే మాగింది. చినుకు దెబ్బకు ఊగుతోంది.

"అది రాలిందంటే ఆ పిల్ల ఇక లేదు," అని కువలయాదేవి చేయి చాచింది. "ఆ వేరు నాది. ఆ పండు తిని నేను మళ్ళీ పొదలోకి వెళతాను."

కొమ్మ వెనక్కి జరిగింది. రణధవళుడు చాచాడు. ఇంకా వెనక్కి జరిగింది. జరిగి, ఆ పండును తన ఆకుల గుప్పిట దాచుకుంది. ఎర్రపూసలు గలగలమన్నాయి. ఎవరి ప్రాణమూ తనకొద్దని ఆ మోదుగి నోరులేకుండా చెప్పింది.

వాకపొదనుంచి మరొక పండు రాలింది. మరొకటి. మరొకటి. వరుసగా రాలుతున్నాయి.

రణధవళుడు కత్తి కింద పడవేశాడు. వాకపొద వద్దకు నడిచాడు. మిగిలిన ఒకే ఒక్క పండు కోశాడు.

"తమ్ముడూ!" కువలయాదేవి కేక కోనంతా మారుమ్రోగింది.

"తిను నాయనా, తిను!" ముసలి రెండు చేతులూ జోడించింది. "నా బంగారుకొండ, తిను!"

పండు పెదవిదాకా లేచింది. లేచి, అక్కడ ఆగింది. వాన అతని ముఖంమీది పొగమసిని కడుగుతోంది. ఆ మసి కిందినుంచి రాజకుమారుడు బయటపడుతున్నాడు. కానీ అతడు మాట్లాడింది మోదుగి నేర్పిన మాట.

"ఏందవ్వా, నన్ను ఊరోణ్ణి చేస్తావా?"

ముసలి జోడించిన చేతులు విడిపోయాయి.

"కోసిన పండు తన నోట్లో తాను వేసుకునేవాడు ఊరోడన్నావు. నేను తేనెకోన పిల్ల వెంట వచ్చినవాణ్ణి. నా తోడు అక్కడ వేరూనింది. ఈ వాకిట్లో నాకు పండు చూపినదానివి, తినమన్నదానివి, తల్లి మాట ఇచ్చినదానివి, నువ్వే నాకు తోడు." అతడు ముందుకు వచ్చి, ఎంతో మర్యాదగా, ఆ ఊదారంగు పండును ఆమె పెదవుల వద్ద పట్టాడు. "మొదటి పండు నీ నోటికే. నన్ను విడిపిస్తాడన్న నీ కొడుకు కన్నతల్లిని విడిపించడా? తెరువవ్వా."

జిల్లేళ్ళవ్వ పెదవులు బిగుసుకున్నాయి.

వాన ఆమె జిల్లేడుదూది జుట్టును నుదుటికి అంటించింది. అప్పుడు చూస్తే ఆమె ఉత్త ముసలిది. భయపడ్డ, బోసినోటి ముసలిది. పండును చూసింది. పొదను చూసింది. మళ్ళీ పండును చూసింది.

"నేను... నేను పొదనైతే," అంది పళ్ళులేని చిగుళ్ళ నడుమనుంచి, "నా బిడ్డకు నీళ్ళు పోసేదెవరు?"

"నువ్వు పొదవైతే నీ బిడ్డ పొద కాదుగా," అంది కువలయాదేవి మెల్లగా. "లేచి వాడే నీకు పోస్తాడు. ఇంత పొడుగు కాపుకాలంలో, కంచెకు జడిసి ఎవరూ రాకున్నా, దారిన పోయే ప్రతి నోటినీ పిలిచావు. దగ్గరున్న నోటిని ఒక్కనాడూ తెరవలేదు. నేను పక్కనే ఉండి విన్నాను జిల్లేళ్ళవ్వా."

ఆమె ఆగి, వాకపొద వైపు వేలు చూపింది. చీలిన బొటనవేలు.

"వాడూ విన్నాడు."

ముసలి తల తిప్పింది. పండ్లన్నీ రాలిన ఆ మాంత్రికుడి పొద మీద, రెండుగా చీలిన ప్రతి ముల్లూ, వానకు ఎదురుగా, తల్లి వైపు తిరుగుతోంది.